ద్వివచనంలో ప్రేమగీతం

చిన్ననాడు సంస్కృతం చదివిన పాఠకమిత్రులకు ‘రామః, రామౌ, రామాః’ అన్న వరుస ఇప్పటికీ నోటికి వచ్చుననే మా నమ్మకం. ఒక్కనికి ఒక రూపం, ఇద్దరికి ఒక రూపం, ముగ్గురు మొదలుకొని ఎందరైనా మరొక రూపం. బడిలో ఉన్నంతకాలం ఆ నడిమి రూపం మనకు శత్రువే. ఇద్దరి కోసం ఇంత ప్రయాస ఎందుకు, బహువచనంలో కలిపివేస్తే పోదా అని విసుక్కోనివారు ఉండరు. పాళీ, ప్రాకృతాలు దానిని ఏనాడో వదిలించుకొన్నాయి. మన తెలుగుకు ఆ బెడదే లేదు.

అయితే ఆ నడిమి రూపాన్ని ఈనాటికీ వంటింటి మాటలలో, సంతబేరాలలో, ప్రేమలేఖలలో వాడుకొంటున్న జాతి ఒకటి యూరప్‌లో ఉన్నది. ఆల్ప్స్ పర్వతాల దక్షిణపు వాలున, ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, క్రొయేషియాల నడుమ ఒదిగిన స్లొవేనియా దేశం అది. జనాభా సుమారు 21 లక్షలు. అంటే మన హైదరాబాదు నగరంలో ఒక మూలకు సరిపోయే జనం. వారి భాషలో ‘మిద్వా’ అంటే మేమిద్దరం. మనమిద్దరం అన్నా అదే మాట. ఇద్దరూ స్త్రీలైతే ‘మిద్వె’. సర్వనామంతో పని తీరిపోదు, క్రియ కూడా మారుతుంది. ‘వెళదాం’ అన్న ఒక్క క్రియను పలకగానే, వెళ్లేది ఇద్దరే, మూడవవారికి చోటు లేదు అన్నది వినేవారికి తెలిసిపోతుంది. మనకు మేము, మనం అన్న భేదం ఉన్నది, వారికి లేదు. వారికి ఇద్దరు, పలువురు అన్న భేదం ఉన్నది, మనకు లేదు. ఏ భాష ముచ్చట దానిది.

ప్రేమగీతం రాసే కవికి ఇంతకు మించిన వరం ఏముంటుంది? ఇద్దరన్న మాట చెప్పకుండానే ఇద్దరిని చెప్పవచ్చును. ఆ సౌకర్యాన్ని వాడుకొని పాటలు కట్టిన ఒక స్లొవేనియన్ గాయకబృందం కథను ఈ నెల చెప్పదలచుకొన్నాము. ఇంత దూరపు సంగతి ఈ శీర్షికకు ఎందుకు అని అడిగేవారికి ముందుగా ఒక మనవి. గత సంవత్సరం మా యూనిట్ వార్షికోత్సవ పాటల పోటీకి నియమావళి రాసిన ముగ్గురిలో మేమూ ఒకరము. ‘పాట సభికులలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలో ఉండవలెను’ అన్న వాక్యం మా కలం నుండి వెలువడినదే. మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసే ఒక మిత్రుడు, తుళు మాతృభాషగా గలవారు, ముందే ఇచ్చిన పేరును ఆ వాక్యం చదివి వెనుకకు తీసుకొన్నారు. హిందీలోనో తెలుగులోనో పాడవచ్చును కదా అన్నాము. “ఆ భాషలలో పాడేవారు చాలామంది ఉన్నారు కదండీ” అని నవ్వి ఊరుకొన్నారు. ఆ నవ్వు మమ్మల్ని కొన్నాళ్లు వదలలేదు. అటుపిమ్మట ఒక రాత్రి 1975 నాటి ఒక పాట మా చెవిని పడింది.

పాటకు ముందు దాని పుట్టిల్లు. స్లొవేనియాలో ‘పొపెవ్కా’ అని ఒక రకం పాట ఉన్నది. మన లలిత సంగీతానికి దగ్గరి చుట్టం అనవచ్చును. మనకు జనరంజకమైన పాట అనగానే సినిమా గుర్తుకు వస్తుంది. సినిమాతో నిమిత్తం లేకుండా, రేడియో కోసమే కవి రాసి, స్వరకర్త బాణీ కట్టి, గాయకుడు పాడే పాటను ఆకాశవాణి పెంచి పోషించింది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి వంటి వారు ఆ తోటకు కాపుగాసినారు. స్లొవేనియాలో ఆ పెంపకం మొత్తం లూబ్ల్యానా రేడియో చేతి మీదుగా జరిగింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లోనే బొయాన్ ఆదమిచ్ అనే సంగీతజ్ఞుడు అక్కడ నృత్యవాద్యబృందాన్ని నెలకొల్పినాడు. 1961 నుండి దాని పగ్గాలు యోజె ప్రివ్షెక్ చేతికి వచ్చి మూడు దశాబ్దాలు నిలిచాయి. పాట ఎంత సుకుమారమైనదైనా దాని వెనుక జీతం తీసుకొనే వాద్యబృందం, స్వరాలు రాసే ఉద్యోగి, రికార్డింగు గది ఉండాలి. ప్రభుత్వరంగంలో ఉన్న మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నెలజీతం అందుకొంటూ సౌందర్యాన్ని ఉత్పత్తి చేసిన విభాగం అది.

1962లో బ్లెడ్ సరస్సు ఒడ్డున ‘స్లొవేనియన్ పొపెవ్కా’ ఉత్సవం మొదలయింది. నీటి నడుమ చిన్న దీవి, దీవి మీద చర్చి, ఒడ్డున కొండకొమ్మున కోట గల ఊరు అది. క్యాలెండరు బొమ్మలలో మనలో పలువురు ఊరి పేరు తెలియకుండానే దానిని చూసి ఉంటారు. తరువాత ఉత్సవం రాజధాని లూబ్ల్యానాకు తరలింది. తొలినాళ్లలో అక్కడ ఒక చక్కని ఆచారం ఉండేది. ఒకే పాటను ఇద్దరు వేరువేరు గాయకులు, వేరువేరు రీతులలో పాడేవారు. పోటీ పాటకు, గాయకునికి కాదు అన్నది అందులోని భావం. 1964లో మర్యానా దెర్జాయ్ గొంతున ప్రసిద్ధమైన ‘పొలెత్నా నోచ్’ అనగా ‘వేసవి రాత్రి’ అన్న పాట ఆ ఉత్సవపు బిడ్డయే. స్వరం మోయ్‌మిర్ సేపెది, రచన ఎల్జా బుదావ్ అనే కవయిత్రిది. అరవై ఏళ్లు గడిచినా అది అక్కడ పాతబడలేదు.

ఇక గాయకబృందాల మాట. మన సంగీతంలో పదిమంది కలిసి పాడినా స్వరం ఒక్కటే. బృందగానమంటే ఒకే దారిన పదిమంది నడవడం. అక్కడి బృందగానం అటువంటిది కాదు. ఒకరు పల్లవిని పట్టుకొంటే, మరొకరు దానికి కొంత ఎగువన, ఇంకొకరు దిగువన వేరు స్వరాలను అదే క్షణంలో పలుకుతారు. మూడు నాలుగు దారులు పక్కపక్కనే సాగి ఒకే ఊరికి చేరతాయి. స్లొవేనియా పల్లెలలో ఇది నేర్పితే వచ్చే విద్య కాదు. చర్చిలో, ద్రాక్షతోటలో, పెళ్లివిందులో నలుగురు చేరితే చాలు, ఎవరి స్వరం ఏదో చెప్పుకోకుండానే గొంతులు విడిపోతాయి. అటువంటి నేలలో ఆధునిక గాయకబృందాలు మొలకెత్తడం ఆశ్చర్యం కాదు. 1968లో లూబ్ల్యానాలో వెలసిన ‘న్యూ స్వింగ్ క్వార్టెట్’ అయితే అమెరికా నల్లజాతి భక్తిగీతాలనే తన దారిగా ఎంచుకొన్నది. ఆల్ప్స్ నీడన మిసిసిపీ తీరపు ప్రార్థనలు! సంగీతానికి వీసా అడిగేవారు లేరు.

ఆ దశాబ్దపు చివరి సంవత్సరాలలోనే ‘బెలె వ్రానె’ అనే మరొక బృందం పేరు తెచ్చుకొన్నది. ఆ మాటలకు అర్థం తెల్లకాకులు. మన వాడుకలో తెల్లకాకి అంటే లేనిదానిని ఉన్నదనడం. వారి వాడుకలో గుంపులో కలవని అరుదైన మనిషి. యువతీయువకులు కలిసి పాడే ఆ బృందంలో తాదెయ్ హ్రుషోవర్ అనే యువకుడు, దిత్కా హాబెర్ల్ అనే గాయని ఉండేవారు. 1970 దశకం నడిమికి వచ్చేసరికి తెల్లకాకుల గూడు చెదరింది. హ్రుషోవర్, హాబెర్ల్‌లతో మరొక బృందం రూపుదిద్దుకొన్నది. ఈవో మోయ్‌జెర్, నాదా జ్గూర్, ఓతో పెస్ట్నర్ వంటి గొంతులు అందులో కలిశాయి. పేరు ‘పెపెల్ ఇన్ క్రి’. అర్థం చెబితే పాఠకులు ఉలిక్కిపడతారు. బూడిద, రక్తం! ఆ పేరు విని యుద్ధగీతాలు పాడేవారని అనుకొంటే పొరపాటు. వెన్నెల, వేసవి, ఎదురుచూపు, చేతిలో చేయి, ఇవే వారి సరుకు. పేరు చూసి పాట వినడం మానుకొన్నవారెవరైనా ఉంటే నష్టం వారిదే.

వారి పాటలలో మకుటాయమానమైనది ‘దాన్ ల్యూబెజ్ని’, అనగా ప్రేమదినం. స్వరకర్త హ్రుషోవరే. రచన దూషన్ వెల్కవెర్హ్. స్లొవేనియన్ పొపెవ్కాకు మాటలు అందించినవారిలో ముందువరుస మనిషి ఆయన. పాట మెల్లగా, దాదాపు సంభాషణవలె మొదలవుతుంది. ఒకరి గొంతు ముందుకు వస్తుంది, తక్కినవి వెనుక నీడలవలె నిలుస్తాయి. పల్లవి దగ్గరకు రాగానే ఆ నీడలన్నీ లేచి నిలబడతాయి. స్త్రీల స్వరాలు పైకి, పురుషుల స్వరాలు కిందికి విడివడి, నడుమ ఖాళీని వాద్యబృందం నింపుతుంది. ఒక్క మాట కూడా అర్థం కాకుండానే మేము మొదటిసారి విన్నాము. రెండవసారి వినవలసిన అవసరం తోచలేదు, కోరిక మాత్రం కలిగింది. ఆ రెండింటి భేదం సంగీతప్రియులకు తెలుసు.

1975లో ఆ పాట యుగోస్లావియా జాతీయ పోటీలో నెగ్గి యూరోవిజన్ పోటీకి ఎంపికయింది. ఇక్కడ కొంత ఆగి చెప్పుకోవాలి. స్లొవేనియా అప్పటికి స్వతంత్రదేశం కాదు, యుగోస్లావియా సమాఖ్యలోని ఆరు రిపబ్లిక్కులలో ఒకటి. టిటో ఏలుబడి సాగుతున్న రోజులు. నెహ్రూతోను, నాసర్‌తోను కలిసి అలీన విధానానికి ఆయన పునాదులు వేసిన సంగతి మన తరానికి పాఠ్యపుస్తకాలలోనే పరిచయం. ఆ సమాఖ్యలో అత్యధికులకు తెలిసినది సెర్బో-క్రొయేషియన్ భాష. స్లొవేనియన్ చిన్న భాష, ఉత్తరపు మూలన ఉన్న భాష. ప్రతి సంవత్సరం లూబ్ల్యానా, జాగ్రెబ్, బెల్‌గ్రేడ్, సరయేవో మొదలైన రేడియో-టెలివిజన్ కేంద్రాలు తమ తమ పాటలను పంపేవి, వాటిలో ఒకటి దేశం తరఫున వెళ్లేది. 1961లో యుగోస్లావియా యూరోవిజన్‌లో అడుగుపెట్టినది మొదలు ఆ సమాఖ్య చెదిరేవరకు స్లొవేనియన్ భాషలో వెళ్లిన పాటలు నాలుగే: 1966లో బెర్తా అంబ్రోజ్, 1967లో లాదో లెస్కోవర్, 1970లో ఏవా స్ర్షెన్, 1975లో మన బృందం. అటుపిమ్మట ఒక్కటి కూడా లేదు. ఆ రాత్రి వేదిక ఎక్కినవారికి తామే చివరివారమని తెలియదు.

యూరోవిజన్ నియమాలలో కొన్ని ఇక్కడ మన కథకు కావాలి. అక్కడ మొదట్లో ఏకగాయకులకు, జంటలకు మాత్రమే ప్రవేశం ఉండేది. 1971లో ఆరుగురికి మించకుండా బృందాలను అనుమతించారు. ఆ సడలింపు లేకపోతే మన కథ బ్లెడ్ సరస్సు దాటి ఉండేది కాదు. రెండవది భాషకు సంబంధించినది. స్వదేశభాషలోనే పాడవలెనన్న నిబంధనను 1973లో ఎత్తివేశారు. 1974లో స్వీడన్ బృందం ‘అబ్బా’ ఆంగ్లంలో పాడి గెలిచింది. గెలుపు ఏ దిక్కున ఉన్నదో అందరికీ ఒక్క రాత్రిలో బోధపడింది.

1975 మార్చి 22. అబ్బా గెలుపు కారణంగా పోటీ స్టాక్‌హోమ్‌కు వచ్చింది. 19 దేశాలు. ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ఆంగ్లంలో పాడింది. నార్వే, ఫిన్లండ్ ఆంగ్లంలో పాడాయి. నెదర్లాండ్స్ బృందం ‘టీచ్-ఇన్’ అందరికంటె ముందుగా వేదిక ఎక్కి, ఆంగ్లంలో గంటలు మోగినట్లు గలగలమనే పాట పాడి, 152 మార్కులతో గెలుచుకొని వెళ్లిపోయింది. ఇంగ్లండుకు ద్వితీయస్థానం. మన లూబ్ల్యానా బృందం తమ భాషలోనే పాడింది. ఆంగ్లంలో పాడడానికి నియమం అడ్డురాదు. 21 లక్షలైనా నిండని జనం మాట్లాడే భాషలో, ఆ సభలో బహుశా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందికి మాత్రమే అర్థమయ్యే భాషలో, ఇద్దరి మధ్య ప్రేమను పాడింది.

మనం ఇప్పుడు 12 మార్కుల పద్ధతిగా ఎరిగిన లెక్క ఆ సంవత్సరమే ప్రవేశపెట్టారు. ప్రతి దేశం తనకు నచ్చిన పది పాటలకు 12, 10, ఆపైన 8 నుండి 1 వరకు ఇస్తుంది. మొత్తం 58. పంతొమ్మిది దేశాలకు కలిపి 1102 మార్కులు. అందులో ‘దాన్ ల్యూబెజ్ని’కి దక్కినవి 22. స్థానం పదమూడు. నూటికి రెండు పాళ్లు అన్నమాట. అకౌంట్స్ విభాగపు మిత్రులు దీనిని ఏ పద్దు కింద రాస్తారో మాకు తెలుసు.

ఆ రాత్రి జర్మనీకి దక్కినది పదిహేడవ స్థానం. పాడినది జోయ్ ఫ్లెమింగ్. పాట ఒక వంతెన కాగలదన్న భావం గల ఆమె పాటను జర్మన్లు ఈనాటికీ ఆప్యాయంగా తలుచుకొంటారు. స్టాక్‌హోమ్ పట్టికలో అడుగున ఉన్నవారిలో ఇటువంటివారు మరికొందరు ఉన్నారు. పట్టికలు ఆ రాత్రికి సరిపడేటట్లు తయారు చేస్తారు, మరునాటి సంగతి వాటికి పట్టదు. ఇది మేము మా యూనిట్ పోటీ మార్కుల జాబితాను చూసి కూడా గ్రహించవలసి ఉండెను.

ప్రసంగవశాత్తు ఒక మాట. అదే 1975 ఆగస్టు 1న మన దేశంలో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం మొదలయింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామాలలో బడి ముందరో పంచాయతీ అరుగు మీదో ఒక టెలివిజన్ పెట్టి, ఊరంతా దాని చుట్టూ చేరిన రోజులవి. ఆ ప్రయోగంలో కూడా ముందుగా ఎదురైన ప్రశ్న ఏ భాషలో చెప్పాలన్నదే. ఒక్క ఉపగ్రహం, ఆరు రాష్ట్రాలు, నాలుగు భాషలు. తెలుగు పల్లెకు తెలుగులోనే చెప్పారు.

స్టాక్‌హోమ్ తరువాత బృందం జీవితం ఏమయింది? గొప్ప మలుపులేవీ లేవు. ఇంటికి తిరిగివచ్చి ఉత్సవాలలో, రేడియోలో, రికార్డులలో పాడుతూ వచ్చారు. పెస్ట్నర్, హాబెర్ల్ తమ తమ సొంత పేర్లతోను ప్రసిద్ధులయ్యారు. పెస్ట్నర్ ఇంతకుముందు ప్రస్తావించిన న్యూ స్వింగ్ క్వార్టెట్‌లోనూ పాడినవాడే. కాలం మాత్రం మారింది. 1977లో లూబ్ల్యానాలో ‘పాంక్ర్తి’ అనే పంక్ బృందం పుట్టింది. సుకుమారమైన ప్రేమగీతాలు పెద్దవాళ్ల ముచ్చటగా కనబడే తరం వచ్చింది. 1983తో పొపెవ్కా ఉత్సవమే ఆగిపోయింది. ఇది కొత్తవారి తప్పు కాదు. కొడుకు తండ్రి చొక్కా తొడగనని మొండికేయడం ఏ దేశంలో లేదు?

ఇక యూరోవిజన్ వారు 1977లో మళ్లీ పాత నియమాన్ని తెచ్చారు. ఎవరి దేశభాషలో వారే పాడాలి. అది 1998 వరకు నిలిచింది. స్లొవేనియన్‌కు దీనివలన ఒరిగినదేమీ లేదు. యుగోస్లావియా కొన్నేళ్లు పోటీకే దూరంగా ఉండి 1981లో తిరిగివచ్చినా, ఎంపికైన పాటలలో ఒక్కటీ స్లొవేనియన్‌ది కాదు. నియమం ‘దేశభాష’ అన్నది. ఏది దేశభాష అన్నది దేశంలో ఎవరు ఎక్కువమంది ఉంటే వారు తేల్చుకొన్నారు. మా నియమావళిలోని ‘అధికసంఖ్యాకులు’ అన్న మాట మళ్లీ గుర్తుకు వచ్చి కలం కొంతసేపు ఆగింది.

1991 జూన్ 25న స్లొవేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నది. పదిరోజుల యుద్ధం జరిగింది. దక్షిణాన ఉన్న సోదర రిపబ్లిక్కులు అనుభవించిన నరకంతో పోలిస్తే అది స్వల్పమనే చెప్పాలి. పోయినవారి ఇళ్లలో ఆ మాట అనగలమా అన్నది వేరు సంగతి. 1993 ఏప్రిల్ 3న యూరోవిజన్‌లో చేరగోరిన ఏడు కొత్త దేశాలకు అర్హత పోటీ పెట్టారు. వేదిక లూబ్ల్యానాయే. ముట్టడిలో ఉన్న సరయేవో నుండి ప్రాణాలకు తెగించి వచ్చిన బోస్నియా బృందం కూడా అందులో పాడింది. ఎంపికైన మూడు దేశాలూ పాత యుగోస్లావియా ముక్కలే: స్లొవేనియా, బోస్నియా, క్రొయేషియా. ప్రథమస్థానం స్లొవేనియాది. పాట ‘తిహ్ దెజెవెన్ దాన్’, అనగా నిశ్శబ్దమైన వానరోజు. మే నెలలో ఐర్లండులోని మిల్‌స్ట్రీట్ అనే చిన్న ఊరిలో జరిగిన అసలు పోటీలో దానికి దక్కినది 25 దేశాలలో ఇరవైరెండవ స్థానం, 9 మార్కులు. ప్రేమదినానికి, వానరోజుకు నడుమ పద్దెనిమిదేళ్లు. ఆ పద్దెనిమిదేళ్లూ ఆ వేదిక మీద ఆ భాష వినబడలేదు.

ఇప్పుడు మేము ఎంతో ఇష్టపడిన ఒక చిన్న లెక్క. స్వతంత్ర స్లొవేనియా ఇంతవరకు యూరోవిజన్‌లో అందుకొన్న ఉత్తమస్థానం ఏడు. రెండుసార్లు అందుకొన్నది. 1995లో డబ్లిన్‌లో దార్యా ష్వాయ్‌గెర్ స్లొవేనియన్‌లో పాడి ఏడవదిగా నిలిచింది. 2001లో కోపెన్‌హేగన్‌లో నూషా దెరెందా ఏడవదిగా నిలిచింది. అప్పటికి భాషానియమం మళ్లీ తొలగిపోయింది. ఆమె స్వదేశంలో స్లొవేనియన్ మాటలతో నెగ్గిన పాటనే ఆంగ్లంలోకి మార్చుకొని వెళ్లింది. సొంత భాషలో ఏడు, పరభాషలో ఏడు! ఆంగ్లంలో పాడితేనే గెలుస్తామని వాదించేవారికీ, పాడితే ఓడుతామని వాదించేవారికీ సమానంగా నోరు మూయించిన అంకె అది. వాదం మాత్రం అక్కడ ఆగలేదట. వాదాలకు అంకెలతో పనేమిటి?

ఆగిపోయిన పొపెవ్కా ఉత్సవం 1998లో మళ్లీ మొదలయింది. లూబ్ల్యానాలో 1983లో ఒక చిన్న గాయకసమూహంగా ఆరంభమై, తరువాత ‘పెర్పెతూమ్ జాజీలె’ అన్న పేరు పెట్టుకొన్న బృందం వాద్యాలేవీ లేకుండా, వేళ్లు చిటికెలు వేసి, అరచేతులు రాసి, నేలను తన్ని వానజల్లును, ఉరుమును పలికించిన దృశ్యం పదిహేను పదహారేళ్ల కిందట ప్రపంచమంతా చూసింది. మన పిల్లలలో పలువురు ఆ దృశ్యాన్ని చూసి ఉంటారు. ఆ చిటికెలు ఏ ఊరివో అడిగి ఉండరు. 2023లో ‘జోకర్ అవుట్’ అనే యువకుల బృందం లివర్‌పూల్‌లో స్లొవేనియన్‌లోనే పాడింది. ఇరవైఒకటవ స్థానమే వచ్చింది. ఆ భాష ముఖమెరుగని దేశాల పిల్లలు మాత్రం ఆ పాటను కూడబలుక్కొని పాడడం మొదలుపెట్టారు. ఒకానొక ఆంగ్లేయ బాలిక ద్వివచనాన్ని తప్పులేకుండా పలకడానికి నోరు తిప్పుకొంటున్నదనుకొంటే, రామౌ అని పలకలేక బడిలో బెంచీ ఎక్కిన మాకు కొంత ఊరటగా ఉంటుంది.

ద్వివచనం కూడా నిర్భయంగా ఏమీ లేదు. కొన్ని ప్రాంతాల మాటతీరులో స్త్రీలింగపు రూపాలు బహువచనంలో కలిసిపోతున్నాయి. బడిలో పంతుళ్లు దిద్దుతారు, ఇంట్లో అమ్మమ్మ దిద్దదు. కాని పాటలో దానికి పెట్టని కోట ఉన్నది. పాటలో ఒక్క అక్షరం మార్చినా లయ తప్పుతుంది కనుక, 1975లో పలికిన రూపాన్ని ఇప్పుడు పాడేవారు కూడా అట్లాగే పలకాలి. పెళ్లిళ్లలో, స్నేహితుల కూటములలో ఆ తరం పాటలు పాడుకొంటున్నంతకాలం మిద్వా ఎక్కడికీ పోదు.

స్టాక్‌హోమ్‌లో ఆ రాత్రి ఆంగ్లంలో పాడి ఉంటే పదమూడు తొమ్మిది అయ్యేదో, ఐదు అయ్యేదో. కాని ఆంగ్లంలో ద్వివచనం లేదు. ‘వీ’ అంటే ఇద్దరా, ఇరవైమందా అని అడగవలసి ఉంటుంది. పాటలోని ఇద్దరినీ గుంపులో వదిలేసి రావలసి ఉండేది. వారు వదిలేసి రాలేదు. ఆ నిర్ణయం ఆలోచించి తీసుకొన్నారో, సహజంగానే అట్లా పాడారో, మా దృష్టిలో తేడా లేదు.

ఇక మా సొంత పద్దు. ఈ సంవత్సరపు వార్షికోత్సవ కమిటీలోనూ మమ్మల్ని వేశారు. తొలి సమావేశంలోనే ఆ వాక్యాన్ని తొలగించవలసిందిగా కోరాము. ఒకరు అభ్యంతరం చెప్పారు. అర్థం కాని పాటకు న్యాయనిర్ణేతలు మార్కులెట్లా వేస్తారు అన్నారు. సబబైన ప్రశ్నయే. శ్రుతికి, లయకు, భావానికి వేయవచ్చును, మాటలకు ఉద్దేశించిన పది మార్కులు ఆ పాటలకు మినహాయించి శాతం కట్టవచ్చును అని ఫైనాన్స్ వారే ఒక లెక్క చూపించారు. వాక్యం పోయింది. కొత్త సర్క్యులర్ గేటు దగ్గర బోర్డు మీద అంటించిన రోజున మేమే మెయింటెనెన్స్ షాపుకు వెళ్లి ఆ మిత్రునికి దరఖాస్తు ఫారం ఇచ్చాము. పాటకు ముందు అర్థం చెప్పాలా అని అడిగారు. చెప్పాలనిపిస్తే రెండు వాక్యాలు చెప్పండి, లేకపోయినా ఫరవాలేదు అన్నాము. తుళులో మనవలెనే మేము, మనం వేరువేరుగా ఉంటాయని, ‘యెంకులు’ అంటే మేము, ‘నమ’ అంటే మనం అని ఆ నిలుచున్న పళంగానే మాకు పాఠం చెప్పారు.

ఫారం గత సోమవారం మా బల్ల మీదకు వచ్చింది. భాష అన్న గడిలో తుళు అని రాసి ఉన్నది. పాల్గొనేవారి సంఖ్య అన్న గడిలో ఒకటి అన్న అంకెను కొట్టివేసి, పక్కన రెండు అని దిద్దారు. ఆయన శ్రీమతి కూడా పాడతారట.